విప్పి కడిగితే తెలిసే పనితనం

పిల్లి లోపలికి వెళ్ళి పని ముగించుకుని బయటికి వచ్చాక, ఆ మురికిని తనే వేరుచేసి కింది సొరుగులో పడేసుకునే పెట్టెలు వచ్చి చాలాకాలమే అయింది. రోజూ గరిటె పట్టుకుని లిట్టర్ (పిల్లి పెట్టెలో పోసే మట్టిరవ్వ) జల్లించే చాకిరీ వీటితో నిజంగానే తప్పుతుంది. అయితే కొన్ని నెలలు గడిచాక, సొరుగు ఎప్పటికప్పుడు ఖాళీ చేస్తున్నా, కొత్త లిట్టర్ పోస్తున్నా, ఆ మూల నుంచి ముక్కు పొడిచే ఘాటు ఒకటి వదలకుండా వస్తుంది. అప్పుడిక యంత్రాన్ని నిలువునా విప్పి కడగవలసిందే. చాలామంది ఆ పనిని శిక్షలా చూస్తారు. నా మటుకు నాకు, ఆ యంత్రం చేసిన మనిషి ఆలోచనను దగ్గరగా చూడటానికి అంతకన్నా మంచి దారి లేదు. ఏ భాగం ఊడుతుంది, ఏది ఊడదు, ఎక్కడ నీళ్ళు పోయవచ్చు, ఎక్కడ పోయకూడదు అన్న ప్రతి నిర్ణయం వెనకా ఎవరో చాలాసేపు కూర్చుని ఉంటారు. యంత్రం తిరుగుతున్నప్పుడు ఆ తెలివి కంటికి ఆనదు. విప్పినప్పుడే బయటపడుతుంది.

నేనిక్కడ విప్పుతున్నది లిట్టర్ రోబోట్ 3, పిల్లి దూరే గోళం పీఠం మీద తిరిగే రకం. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రానికి చెందిన ఇంజినీరు బ్రాడ్ బాక్స్టర్ మొదలుపెట్టిన వరసలో ఇది మూడోది. మొదటిది 2000 ప్రాంతంలో అమ్మకానికి వచ్చింది. 2022లో నాలుగోది వచ్చినా, మూడోది ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో తిరుగుతూనే ఉంది. డెట్రాయిట్ శివార్లలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్ళకు ఇది ఇంటిపక్క సరుకే. హైదరాబాదు ఫ్లాట్లలోనూ ఇదే సూత్రం మీద తిరిగే గోళాలు, ఎక్కువగా చైనా తయారీవి, ఇప్పుడిప్పుడే కనపడుతున్నాయి. మీద రాసిన పేరు ఏదైనా గోళం చేసే పని ఒకటే, కంపు చేరే చోట్లూ దాదాపు ఒకటే.

గోళం కన్నా ముందు మట్టి సంగతి చెప్పుకోవాలి. మట్టి మారకపోతే ఈ యంత్రం పుట్టేదే కాదు. ఆ కథ మొదలైంది కూడా మిచిగాన్‌లోనే. 1947 జనవరిలో కాసొపొలిస్ అనే చిన్న ఊళ్ళో కే డ్రేపర్ అనే ఆవిడ, తన పిల్లి కోసం కాస్త ఇసుక కావాలని పొరుగింటి ఎడ్వర్డ్ లోవ్‌ను అడిగింది. అప్పటిదాకా ఆవిడ వాడుతున్నది బూడిద. పిల్లి కాళ్ళకంటిన మసి ఇల్లంతా అచ్చులు పడేది. మన పల్లెల్లోనూ పెరట్లో బూడిదకుప్పే పిల్లికి మరుగుదొడ్డి. పనైపోయాక బూడిద ఎగదోసి కప్పేసి వెళ్ళడం చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. లోవ్ కుటుంబానిది ఫ్యాక్టరీల్లో ఒలికిన నూనె పీల్చే సరుకుల వ్యాపారం. అతను ఇసుకకు బదులు ఎండబెట్టిన మట్టిరవ్వ ఇచ్చాడు. అది ఫుల్లర్స్ ఎర్త్, మనం ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిదే. తడిని పీల్చేసేది, కాళ్ళకు అంటేది కాదు. 5 పౌండ్ల సంచి 65 సెంట్లకు అమ్మకానికి పెట్టి దానికి కిట్టీ లిట్టర్ అని పేరు పెట్టాడు లోవ్.

ఆ మట్టి తడిని పీల్చేది కానీ ఉండ కట్టేది కాదు. మొత్తం పళ్ళెం తడిసి కంపు కొట్టేదాకా వాడి, అంతా పారబోయాల్సి వచ్చేది. 1984లో థామస్ నెల్సన్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు బెంటొనైట్ మట్టితో ఆ చిక్కు విప్పాడు. మన ఎలక్ట్రీషియన్లు ఎర్తింగ్ గుంటలో పోసే బెంటొనైట్ పొడి ఇదే జాతి. రేకులు రేకులుగా ఉండే ఈ మట్టి పొరల మధ్య సోడియం ఉంటుంది. నీళ్ళు తగలగానే ఆ పొరల సందుల్లోకి చేరి మట్టి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, జిగురై, చుట్టూ ఉన్న రవ్వను కలుపుకుని గట్టి ఉండ కడుతుంది. మురికి ఒక ముద్దగా వేరుపడింది కాబట్టే దాన్ని జల్లెడతో ఏరేయవచ్చన్న ఆలోచనకు చోటు దొరికింది.

ఈ గోళం కాని మామూలు ఆటోమేటిక్ పెట్టెలు దంతె లాంటి పళ్ళతో పళ్ళెం పొడవునా లాగేవి. సరిగా గట్టిపడని తడిమట్టి ఆ పళ్ళకు పట్టుకునేది. ఆ దంతెను తోమడమే మరో చాకిరీ అయ్యేది. గోళంలో అసలు పళ్ళే లేవు. మురికిని పట్టి లాగే చెయ్యే లేదు. పిల్లి బయటికి వచ్చిందని బరువును బట్టి పసిగట్టి, ఈ యంత్రం 7 నిమిషాలు ఊరికే కూర్చుంటుంది. కావాలంటే దాన్ని 3 నిమిషాలకు తగ్గించవచ్చు, 15కు పెంచవచ్చు. ఆ ఆగడంలోనే సగం శుభ్రత ఉంది. మట్టి ఉండ కట్టి బిగుసుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. తొందరపడి తిప్పితే మెత్తటి బురద గోళం గోడలకు పులుముకుంటుంది, వాసన అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ తర్వాత గోళం నెమ్మదిగా ఒకవైపు తిరుగుతుంది. లిట్టర్ అంతా జల్లెడ మీదికి జారుతుంది. రవ్వ కన్నాల్లోంచి వెనక అరలోకి రాలిపోతుంది, ఉండలు జల్లెడ మీద మిగులుతాయి. బియ్యం చెరిగేటప్పుడు చేట చేసే పని ఇదే, చెయ్యి లేకుండా. ఇంకాస్త తిరిగేసరికి ఉండలు కింది కన్నం దగ్గరికి చేరి సొరుగులోకి పడిపోతాయి. గోళం మళ్ళీ వెనక్కి తిరుగుతుంది, తన అసలు స్థానం దాటి కొంచెం ముందుకు పోయి, లిట్టర్‌ను చదును చేసి, తిరిగి వచ్చి ఆగుతుంది. మోటారు చేసేది తిప్పడమే. వేరుచేసే పని, పారబోసే పని, చదును చేసే పని భూమ్యాకర్షణదే.

లోపలి గోడకు ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. పిల్లి తవ్వే చోట గోళానికి అంటించిన నల్లటి మెత్తటి పొర గట్టిగా అతుక్కుని ఉండదు. గోళం తలకిందులైనప్పుడు ఆ పొర తన బరువుకు తనే గోడ నుంచి కిందికి సాగి వేలాడుతుంది. ఆ కదలికకు అంటుకున్న మట్టి విడిపోయి రాలుతుంది. గీకే పని పడకుండా చేసిన ఈ ఏర్పాటు కడిగేటప్పుడు చేత్తో నొక్కి చూస్తే తప్ప అర్థం కాదు.

ఇంత చక్కగా పనిచేసేదానికి కంపు ఎందుకు? ఎందుకంటే జల్లెడ ఏరగలిగేది ఉండ కట్టినదాన్నే. ఉండ కట్టనిది, మట్టిని తాకకుండా అంచు మీద చిందినది, ధూళిగా లేచి వాలినది అక్కడే మిగులుతుంది.

పిల్లి మూత్రం మామూలు మూత్రం కాదు. ఎడారి ప్రాంతపు అడవిపిల్లి వంశం కాబట్టి దాని మూత్రపిండాలు నీటిని గట్టిగా పొదుపు చేస్తాయి. మూత్రం చాలా చిక్కగా వస్తుంది. అందులోని యూరియాను బాక్టీరియా విడగొడితే అమోనియా పుడుతుంది. కళ్ళు మండించే మొదటి ఘాటు అదే. రెండోది ఇంకా మొండిది. పిల్లి మూత్రంలో ఫెలినీన్ అనే గంధకం ఉన్న ఆమినో ఆమ్లం ఉంటుంది. విడిగా దానికి పెద్ద వాసన లేదు. గంటలు గడిచేకొద్దీ విరిగి, థయోల్ జాతి పదార్థాన్ని వదులుతుంది. పిల్లివాసన అని మనం గుర్తుపట్టేది దాన్నే. ఈ ఫెలినీన్ తయారీకి పిల్లి మూత్రంలో కనిపించే కాక్సిన్ అనే ప్రోటీన్ తోడ్పడుతుందని జపాన్‌లో మసావో మియజాకి బృందం 2006లో చూపింది. వంధ్యీకరణ చేయని మగపిల్లుల్లో ఇది ఎక్కువ. వాటి ఘాటు ఎందుకంత అన్నదానికి జవాబు అక్కడుంది.

కాబట్టి పోవాల్సిన వాసన ఒకటి కాదు. అమోనియా ఉంది, గంధకపు వాసన ఉంది, వాటికి ఆధారమైన ప్రోటీను జిడ్డు ఉంది, బాక్టీరియా ఉంది. ఏ ఒక్క సీసాతోనూ అన్నీ పోవు. సువాసన స్ప్రే కొట్టి చేతులు దులుపుకోవడం పనితనం కాదు, అది మోసం. పైగా మన ముక్కు కన్నా ఎంతో చురుకైన ముక్కున్న జంతువు ఆ గోళంలో తల పెట్టాలి. మల్లెవాసన మనకు హాయి. దానికి ఆ గుహ పనికిరాకుండా పోవచ్చు, అప్పుడది సోఫా వెనక్కి చేరుతుంది.

కడగడానికి మొదటి నియమం: ముందు పొడి, ఆ తర్వాతే తడి. బెంటొనైట్ గురించి తెలిసినవాడు దీన్ని మరచిపోడు. ధూళి పట్టి ఉన్న గోళం మీద నేరుగా నీళ్ళు పోస్తే, ఉండ కట్టించే గుణమే ఎదురు తిరుగుతుంది; సందుల్లోని పొడి జిగురుబురదై, ఆరాక సిమెంటులా బిగుస్తుంది. ఆ నీళ్ళు పైపులోకి పోతే పైపూ పూడుకుంటుంది. అందుకే ఎంప్టీ అనే మీట నొక్కుతాను. దీని అందం చూడండి: లిట్టర్ జల్లించడానికి గోళం ఒకవైపు తిరిగితే, మొత్తం ఖాళీ చేయడానికి రెండోవైపు తిరుగుతుంది. అటు తిరిగినప్పుడు దారిలో జల్లెడ అడ్డు రాదు. రవ్వా ఉండలూ అన్నీ కలిసి సొరుగులో పడతాయి. అదే గోళం, అదే మోటారు, అదే కన్నం. దిశ మారిస్తే పని మారుతుంది. ఈ ఒక్క ఆలోచనకే ఆ ఇంజినీరుకు దండం పెట్టవచ్చు.

తర్వాత ప్లగ్గు తీసేయాలి. పై మూతకు ఉన్న రెండు నొక్కులు నొక్కి ఎత్తితే మూత ఊడుతుంది. గోళాన్ని రెండు చేతులతో పట్టి పైకి ఎత్తితే పీఠం నుంచి వచ్చేస్తుంది. స్క్రూడ్రైవరు అక్కర్లేదు. ఎత్తిన గోళంలో ఒక్క తీగ కనపడదు. మోటారు, బరువు చూసే సెన్సారు, సర్క్యూటు అన్నీ కింది పీఠంలోనే ఉన్నాయి. గోళం ఎక్కడ ఉందో పీఠానికి తెలియడానికి గోళానికి అయస్కాంతం అమర్చారు. దాన్ని దూరం నుంచే పీఠం పసిగడుతుంది. మురికి పట్టేదాంట్లో విద్యుత్తు లేదు, విద్యుత్తు ఉన్నదాంట్లోకి మురికి పెద్దగా పోదు. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియడమే ఈ వస్తువులో నాకు కనపడిన అసలైన పనితనం. ఇలా విడదీయబట్టే గోళాన్ని పెరట్లోనో బాత్రూంలోనో పైపు పెట్టి కడగవచ్చు.

మాస్కు, గ్లౌజులు వేసుకుని, మెత్తటి పొడి బ్రష్షుతో గోళం లోపలంతా దులపాలి. వాసన దాగిన చోట్లు వరసగా దొరుకుతాయి. లోపలి నల్లపొర అంచు గోళాన్ని కలిసే గాడిలో ధూళి పొరలు కట్టి ఉంటుంది. జల్లెడ కన్నాలకు ఎండిన మురికి పట్టి ఉంటుంది; వాటికి పాత టూత్‌బ్రష్షే సరైన పనిముట్టు. మురికి పడే కన్నం అంచూ, అక్కడి పట్టీ సంగతి వేరుగా చెప్పాలి. ప్రతి ఉండా ఆ అంచు తాకుతూ దిగుతుంది, పైగా ఆ పట్టీ మెత్తటిది, పీల్చుకునే రకం. గోళం మెరిసేలా కడిగి ఇక్కడ వదిలేస్తే సాయంత్రానికి కంపు మళ్ళీ మొదలవుతుంది. పిల్లి నిలబడి మూత్రం పోసే అలవాటున్నదైతే గోళం ముఖద్వారం చుట్టూ, మెట్టు కింద, పై మూత లోపలి ముఖం కూడా చూడాలి. సన్నగా కారి ఎండిన చారలు అక్కడ ఉంటాయి, పగటి వెలుతురులో అడ్డంగా చూస్తేనే కనపడతాయి.

దులిపిన పొడినంతా సంచిలో కట్టి చెత్తలో వేయాలి, మరుగుదొడ్డిలో కాదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంకెవరైనా చేయాలి. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి మలం పడిన 1 నుంచి 5 రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది. సొరుగులో రోజుల తరబడి నిలవ ఉండేది మలమే కదా.

ఇప్పుడు నీళ్ళు. వేడినీళ్ళు మంచివని అనిపిస్తుంది కానీ ప్లాస్టిక్ వంగితే గోళం సాఫీగా తిరగదు, గోరువెచ్చనివి చాలు. మొదట వాసనలేని మామూలు గిన్నెలసబ్బు, స్పాంజి. పీచు, ఇనపతీగల ముద్ద వద్దే వద్దు. వాటితో పడిన ప్రతి గీతా మూత్రం చేరడానికి కొత్త గాడి. సబ్బు పోయేలా కడిగాక, తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి గుడ్డతో పట్టించి కాసేపు ఉంచాలి. అందులోని ఆమ్లం అమోనియాను గాలిలోకి లేవని లవణంగా మారుస్తుంది, గట్టిపడిన తెల్లటి ఉప్పుపొరనూ మెత్తబరుస్తుంది. హైదరాబాదు బోరునీళ్ళు వదిలే చారలూ దీనితోనే పోతాయి.

వెనిగర్ గంధకపు వాసనను ఏమీ చేయలేదు. దానికి వేరే దారి ఉంది. 1993లో పాల్ క్రెబామ్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు, స్కంక్ అనే జంతువు చల్లిన కంపు పోవడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, వంటసోడా, కొంచెం ద్రవసబ్బు కలిపే పద్ధతి ప్రచురించాడు. స్కంక్ కంపుదీ థయోల్ జాతే కాబట్టి ఆ విద్య ఇక్కడా పనిచేస్తుంది. ఆక్సిజన్ తగిలిన థయోల్ వాసనలేని పదార్థమవుతుంది. అయితే ముందు వెనిగర్‌ను పూర్తిగా కడిగేయాలి, రెండూ కలిస్తే ఘాటైన మరో ఆమ్లం పుడుతుంది. ఈ మిశ్రమాన్ని సీసాలో మూత బిగించి దాచకూడదు, లోపల ఆక్సిజన్ పుట్టి సీసా పగలవచ్చు. ఆఖర్న ప్రోటీను అవశేషాలకు ఎంజైము క్లీనర్. ఎంజైములకు సమయం కావాలి. చల్లి వెంటనే తుడిస్తే డబ్బు దండగ. 10, 15 నిమిషాలైనా తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్ళతో కడగాలి.

మన ఇళ్ళలో అలవాటైన కొన్ని సీసాల్ని ఈ పనికి దూరంగా పెట్టమని గట్టిగా చెప్పాలి. ఫినాయిల్, డెట్టాల్ లాంటి ఫినాల్ జాతి ద్రవాలు పిల్లికి విషం. అలాంటివాటిని విరిచి బయటికి పంపే ఎంజైముల్లో ముఖ్యమైన ఒకటి పిల్లి కాలేయంలో పనిచేయదు. నేలమీద తొక్కి, కాళ్ళు నాకినా ప్రమాదమే. నిమ్మ, టీ ట్రీ, పైన్ నూనెలున్నవీ వద్దు. బ్లీచింగ్ నీళ్ళు మూత్రపు అమోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువు పుడుతుంది, అది మనుషుల ఊపిరితిత్తులకూ చేటే.

పీఠం మీద నీళ్ళు పోయకూడదు. గట్టిగా పిండిన గుడ్డతో గోళం కూర్చునే దారి, సొరుగు జారే పట్టాలు, సొరుగు వెనక గోడ తుడవాలి. సొరుగు నిండిందా లేదా చూసే సెన్సారు కళ్ళ మీద పేరుకున్న ధూళిని పొడి దూదిపుల్లతో తీయాలి. లోహపు కాంటాక్టులకూ పొడి గుడ్డే. సొరుగును మాత్రం విడిగా లాగి బాగా కడగవచ్చు. అందులోని బొగ్గు ఫిల్టర్ కడిగితే పనికిరాదు. వాసన పీల్చే దాని సన్నటి రంధ్రాలు నిండిపోయాక మార్చడమే మార్గం.

ఆరబెట్టడం దగ్గరే చాలామంది ఓపిక అయిపోతుంది. తడి మిగిలిన గోళంలో కొత్త లిట్టర్ పోస్తే అది నల్లపొర అంచులో ముద్దై, పడిన కష్టమంతా వృథా. మిచిగాన్ చలికాలంలో ఇంట్లో ఫ్యాను ముందు, హైదరాబాదు వానాకాలంలో రాత్రంతా, గోళాన్ని కన్నం కిందికి వచ్చేలా పెట్టి ఆరనివ్వాలి. మే నెల ఎండలో డాబా మీద పెట్టడం కన్నా నీడలో గాలి తగలడం ప్లాస్టిక్‌కు మేలు. ఆరాక గోళంలో తల పెట్టి వాసన చూడాలి. ఆరని ప్లాస్టిక్ నిజం చెప్పదు. ఇంకా ఘాటు ఉంటే ఏ భాగం నుంచో ముక్కుతోనే వెతకాలి. చాలాసార్లు అది కన్నం దగ్గరి పట్టీయే అవుతుంది. పట్టీలు, పొరలు, ఫిల్టర్లు విడిగా దొరుకుతాయి కాబట్టి యంత్రాన్ని పారేయాల్సిన పని లేదు. ఊడదీసి మార్చుకునే వీలుతో చేసిన వస్తువు నా దృష్టిలో ఎప్పుడూ ఒక మెట్టు పైనే.

తిరిగి అమర్చాక ముందు లిట్టర్ లేకుండా ఒక చుట్టు తిప్పి వినండి. ఎక్కడా ఆగకుండా, కిర్రుమనకుండా తిరిగితే గోళం సరిగా కూర్చున్నట్టే. లోపల గీసిన గుర్తుదాకా లిట్టర్ పోయండి, దాటితే ఉండలు జల్లెడ దగ్గరికి చేరకముందే కిందామీదా అవుతాయి. కొత్తదాంట్లో ముందే తీసి ఉంచుకున్న పాత శుభ్రమైన రవ్వ రెండు దోసిళ్ళు కలిపితే పిల్లి తన చోటును గుర్తుపడుతుంది. గట్టి సమతల నేల మీద పెట్టి, రీసెట్ మీట నొక్కి బరువు లెక్కను సున్నాకు తేవాలి. 5 పౌండ్ల లోపు పిల్లకూనల బరువును ఈ సెన్సారు నమ్మకంగా పట్టదు. వాటి విషయంలో మీరే చూసి తిప్పాలి. వాసన మారిన గోళంలోకి వెళ్ళడానికి పిల్లి వెనకాడితే ఎత్తి లోపల పెట్టకండి. పాత పళ్ళెం ఒకటి పక్కనే కొన్నాళ్ళు ఉంచండి, తనకు కుదిరినప్పుడు తనే వెళ్తుంది.